రాజమల్లు బ్యాటింగు

సిరిసిల్ల నేతకార్మికుల క్రికెట్ క్లబ్బుకు కొత్తగా కెప్టెన్ అయిన కుర్రవాడు, తొలి జట్టులో మిగిలిన ఒకే ఒక్క ముసలాయన పక్కన అప్పుడే వచ్చి కూర్చున్నాడు. మ్యాచ్ నడుస్తోంది. మైదానం గోడ అవతల, ఎన్నడో మూతపడి కరెంటు తీగలు కూడా తెంపేసిన షెడ్డులోంచి మరమగ్గాల చప్పుడు వస్తోంది.

“తాతా, మనోళ్లు ఎప్పుడూ పదిమందే ఎందుకు ఆడిన్రు?”

“పదకొండోడు రాజమల్లు. మగ్గం ఆగితే కూలి పోతదని, మేం ఆడుతుంటే అందరి మగ్గాలు ఆయనొక్కడే చూసుకునేటోడు. నీది ఆఖరి బ్యాటింగు, వంతు రాంగనే గోడ మీదికెళ్లి కేకేస్తం, ఉరికిరా అన్నం.”

“వచ్చిండా?”

“వంతు రాకముందే మగ్గం కాడ కరెంటు కొట్టి సచ్చిపోయిండు. అప్పటిసంది ఆయన జాగల ఎవ్వల్నీ దింపలే. తొమ్మిదో వికెట్టు పడంగనే ఆట బంద్ చేస్తం.”

“మరి గీ చప్పుడు?”

“మ్యాచ్ ఉన్ననాడే వినవడుతది. మన మగ్గాలు నడుపుతుండు. ఆఖరోణ్ని పిలువనంత వరకు ఫికర్ లేదు.”

కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

“టోర్నమెంటోళ్లు ఒప్పుకోలేదని ఇయ్యాల పదకొండోణ్ని పెట్టిన తాతా. నీ కాడికి వచ్చే ముందే తొమ్మిదో వికెట్టు పడంగనే, లాస్ట్ మ్యాన్ రా అని కేకేసిన.”

“ఎటు దిక్కు తిరిగి?”

“గోడ దిక్కు. మనోడు ఆడ్నే ఇంకా ప్యాడ్లు కట్టుకుంటుండు.”

ముసలాయన చేయెత్తి వినమన్నాడు. అవతల ఏ చప్పుడూ లేదు.

“మగ్గాలు ఆగినయి బిడ్డా. మనోణ్ని బ్యాటు ఆడ్నే పెట్టి రమ్మను. వంతు ఆయనది.”

“మనోడు ఇటే ఉరికొస్తుండు తాతా. బ్యాటొక్కటే పిచ్ దిక్కు పోతుంది.”