జెండా ఎత్తని జమ్ములమ్మ

కూసో మానసా, కూసో, జర నీళ్లు తాగు. ఆ తిరుపతిగాని మాట ఏం పట్టించుకుంటవ్? పత్తి చేన్ల మందు కొడ్తున్నవ్, గాలి లేసింది, దించే డ్రోనును మల్ల మీదికి లేపినవ్. రెండుసార్లు లేపితే ఏం మునిగింది? "మీ అవ్వ విమానాన్ని కూలగొట్టింది, నువ్వు డ్రోను కూలగొట్టకు" అన్నడా? అంటడు అంటడు. వాడు పుట్టనే లేదు గప్పటికి. మల్దకల్ సుట్టుపక్కల ముసలోళ్ల నెవర్నడిగినా గదే చెప్తరు, జెండా ఎత్తని జమ్ములమ్మ అని. మా వదినకు, అంటే మీ అవ్వకు, ఆ పేరు పడ్డది, పడ్డట్టే ఉండిపోయింది. నువ్వైతే మీ అవ్వను సూడనన్న సూడలే. ఇగ సెప్పెటందుకు ఈ చిన్నతాత ఒక్కన్ని మిగిలిన.

గప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. ఆ యేడు పల్లి చేన్లకు ఎర్ర గొంగళి పురుగు పడ్డది. పొద్దుగాల సూస్తే ఆకుండేది, మాపటికి పుల్లలు మిగిలేటివి. సర్కారోళ్లు మందు సల్లెటందుకు చిన్న విమానం తెప్పిచ్చిన్రు, ఒక్క మనిషి కూసునేది. బీడుల రాళ్లు ఏరి, సదును చేసి, అది దిగెటందుకు బాట చేపిచ్చిన్రు. రాళ్లు ఏరినోళ్లల్ల నేను, మా వదిన. మా అమ్మ సచ్చిపోయినంక నన్ను సాకింది ఆమెనే. యాడికి కూలికి పోయినా ఎంట తోల్కపోయేది. జొన్నరొట్టె చేసిందంటే ఆ సెయ్యి సప్పుడు మూడిండ్లకు ఇనవడేది. నీకు రొట్టె చేసుడొస్తదా? రాదు, నాకు తెల్సు. ఆఁ, ఏం చెప్తున్న? విమానం.

నడిపేటాయన పాల్ సారు. మదరాసు దిక్కు మనిషి, సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. ఆషాఢం గాలి నీకెరికే గదా, ఒక తీరుగ ఉండదు. దబ్బున కొడ్తది, ఆగుతది, మల్ల కొడ్తది. మొదటి దినం విమానం నేలదాక వచ్చి, అటిటు ఊగి, బుర్రుమని మల్ల మీదికి పోయింది. జనం ఒకటే నవ్వుడు, సారుకు దించొస్తలేదని. మా వదిన నవ్వలే. సారు దిగినంక పోయి అడిగింది, "గాలి వస్తుందని మీదికెల్లి కనవడ్తదా సారూ?" అని. "లేదమ్మా, తగిలినంక తెలుస్తాది" అన్నడు. "నాకు కనవడ్తది" అన్నది! అవతల ఆముదాల చేను సూపిచ్చింది. గాలి మొదలు ఆడ తగిలి, ఆకులన్ని ఎల్లెలకల తిరిగి తెల్లగైతయి, ఆ తర్వాత ఈడికొస్తది. "జొన్నలు తూర్పార వట్టేటప్పుడు సాట ఎత్తినంక గాలి తిరిగితే, ఎత్తినం గదా అని వొంపుతమా సారూ? దించుకోని నిలవడ్తం" అన్నది. సారు ఎంతసేపు నవ్విండో. "నాకు ఇస్కూల్ల నేర్పింది కూడ అదేనమ్మా. దించేది అందరికి వస్తాది. ఎప్పుడు దించకూడదో తెలిసేది కష్టం" అన్నడు.

ఇగ తెల్లారినుంచి బాట కొసకు మా వదిన, సేతుల పొడుగు కట్టె, కట్టెకు ఆమె పాత ఎర్రచీర పేలిక. గాలొస్తుంది దిగకని జెండా ఎత్తిందంటే సారు మారు మాట లేకుంట మీదికి పోతుండె, ఒక సుట్టు తిరిగి వస్తుండె. పది దినాలు గట్లనే నడిచింది. ఎంత మంచిగుండెనో బిడ్డా ఆ దినాలు! ఊరూరి జనం సద్దిమూటలు కట్టుకోని వచ్చేటోళ్లు. మా వదిన కొంగు నడుముకు సెక్కి నిలవడితే జిల్లా కలెక్టరు కూడ ఆమె ముందల తక్కువే అనిపిస్తుండె. పదకొండో దినం జెండా ఎత్తింది, సారు మీదికి పోయిండు. గాలి రాలే. మల్ల ఎత్తింది, మల్ల రాలే. ఆడికి పెద్ద అధికారులు వచ్చి నిలవడ్డరు. మమ్ముల కూలికి పెట్టిన మేస్త్రి మొకం మాడిపోయింది. "ఆడదానికి గుండె దిటవుండదు, నువ్వు పో, నీళ్లు మొయ్యి" అన్నడు. కట్టె దెచ్చి నా సేతుల పెట్టిండు. సారు మీదనే ఉండె, ఆయనకేం ఎరుక?

అవ్ మానసా. నా సేతుల్నే. అట్ల సూడకు, సెప్పనియ్యి. ఆముదాల చేను తెల్లగైంది. నేను సూసిన. మంచిగ సూసిన. గాని జనం అందరు నా దిక్కే సూస్తున్నరు, ఎత్తినంక గాలి రాకుంటే, "వీడు గూడ వదిన లెక్కనే పిరికోడు" అంటరని సెయ్యి లేవలే. గంతే. చక్రం నేలకు తాకుతుండంగ పక్కకెల్లి గాలి కొట్టింది. ఒక రెక్క నేలకు గీరుకోని, గిర్రున తిరిగి బోర్లపడ్డది. సారును మంచం మీద మోసుకోని జీపుల ఏసిన్రు, కాలు రెండు తాన్ల ఇరిగింది. మల్ల విమానం నడపలేదంట. జెండా ఎవరు వట్టిండ్రని అధికారులు అడిగిన్రు. జైలుల ఏస్తరని జనం గుసగుస. మా వదిన బిందె కింద పెట్టి వచ్చి నా సేతులకెల్లి కట్టె గుంజుకున్నది. "నేనే" అన్నది. మేస్త్రి తల ఊపిండు, కట్టె మార్చింది తానని బయటవడకుంట వానికీ అదే కావాలె. నేను నోరు తెరువలే.

వారం దినాలకు కర్నూలు దవాఖానకు పోయి సారును సూసొచ్చింది. "జెండా నీ సేతులున్నదని ఆయనకు ఎరికేరా కురుమూర్తీ, నీ తెల్ల అంగీ అగుపడ్డదంట. 'నేను జెండానే సూసిన, గాలి సంగతి మరిచిపోయిన, తప్పు నాదే' అన్నడు" అని చెప్పింది. ఇగ ఆ ముచ్చట మల్లెప్పుడు తియ్యలే. ఆ తర్వాత ఇరవై నాలుగేండ్లు బతికింది. జెండా ఎత్తనిదని బాయికాడ అన్నరు, పెండ్లిళ్లల్ల అన్నరు, నేను పక్కనే కూసోని ఇన్న. ఆఖరికి ఆమె మంచాన పడ్డప్పుడు పోయి, "వదినా, జెండా వట్టింది నేనని ఇప్పుడన్న నలుగుర్ల చెప్తనే" అన్న. నా దిక్కు సూసింది. "ఉబ్బరిస్తుందిరా, ఆ కిటికి తెరువు" అన్నది.

తెరిసిన.