గడియారాన్ని సున్నా చేసే లైను

హలో… ఆ, నేనే, అక్కని. ల్యాబ్ నుంచే. ఒక్కదానివే ఉన్నావా?

అయితే తలుపు వేసి కూర్చో.

అబ్బే, ఏం కాలేదు. రేపు నీ పేపరు జర్నల్‌కి పంపిస్తున్నారటగా. పొద్దున్నుంచీ సార్ నీ నామజపమే… ఔనే, మూడేళ్లుగా ఇక్కడ పడి ఉన్నాను, నా పేరు ఒక్కసారీ అలా ఎత్తలేదు. కుళ్లే నాకు. దాచుకోవడం దేనికి.

— ముందు విను. నీ ప్రోగ్రాంలో తప్పుంది.

అదే, మొహం బొమ్మ చూశాక మనిషి ఎంతసేపటికి మీట నొక్కాడో కొలిచేచోట. బొమ్మ తెర మీదికి వచ్చాక కదా గడియారాన్ని సున్నా చెయ్యాలి? నువ్వు ముందే చేసేశావు. ఆ తర్వాత తీరిగ్గా బొమ్మ లోడ్ అవుతోంది. ఆ ఆలస్యమంతా పాపం, మీట నొక్కినవాళ్ల నెత్తిన పడుతోంది…

రెండు నెలల కిందటే చూశాను.

…చెప్పలేదు. సార్ నిన్ను మెచ్చుకున్న ప్రతిసారీ, కానీలే, అందరి ముందూ బయటపడుతుందిలే అనుకున్నాను. ఇవాళ మనసొప్పలేదు. తిట్టు, పడతాను.

…ఏంటి, తెలుసా?

ఎప్పుడు మార్చావు?… ప్రయోగానికి మొదటి మనిషిని కూర్చోబెట్టకముందేనా? మరి నేను చూసిన ఫైలు… ఓహో. పాతది.

సరే, బతికిపోయావు. అసలు అంత తెలివితక్కువ లైను ఎలా రాశావే?

…ఎవరి ఫైల్లోంచి?

— నాదా?

ఉండు, తెరుస్తున్నాను…

ఆ. ఉంది. అదే లైను.

అంటే నా పేపర్లో… ఏడుపు మొహాలు కనిపిస్తే జనం ఆలస్యంగా నొక్కుతారని… అవును, దాన్ని చూసే కదా నాకీ ఉద్యోగం ఇచ్చారు. ఏడుపు మొహాల ఫైళ్లు పెద్దవి, ఆలస్యంగా లోడ్ అవుతాయి. నవ్వు మొహాలవి చిన్నవి. అంతేనా? ఇంకేం లేదా అందులో?

…నీకు అప్పట్నుంచీ తెలుసన్నమాట. సార్‌కి?… చెప్పలేదా? ఎందుకని?

నేను బాధపడతానని.

…లేదు, ఏడవట్లేదు. నీ తప్పు దొరికిందని రెండు నెలలు హాయిగా నిద్రపోయానే నేను.

వద్దు, నువ్వు రావద్దు. సార్ గదిలోనే ఉన్నారు. నా పేపరు తప్పని నేనే వెళ్లి చెప్తాను… వద్దన్నానా. ఆ మంచితనం ఇక చాలించవే తల్లీ. పేపరు కన్నా అదే ఎక్కువ మండుతోంది నాకు.

పెట్టేస్తున్నా.