మెషీన్‌లో లేని మరిడమ్మ

నా పేరు ఓలేటి మరిడమ్మ. భర్త గంగయ్య. వయసు నలభై ఆరు. ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే పని. ఊరు చినలంక. నరసాపురం మేజిస్ట్రేటు గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

పదకొండేళ్లుగా ఐసు నీళ్లలో ఒలిచీ ఒలిచీ నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. హాజరు మెషీన్ నా వేలు తీసుకోదు. సూపర్‌వైజర్ సురేష్‌బాబు గారికి చెబితే "రేపు చూద్దాంలే" అనేవారు. అందుకని మా కార్మిక సంఘం కార్యదర్శి సత్యవాణి షిఫ్టు మొదట్లోనూ చివర్లోనూ నోటుబుక్కు పట్టుకుని పేర్లు పిలిచేది. నాకు ఒళ్లు మండేది. "ఏంటే, మనం బడిపిల్లలమా? జెండాలు మోయడం అయిపోయింది, ఇప్పుడు హాజరా?" అని దెప్పేదాన్ని. నా పేరు పిలిస్తే "మరిడమ్మ చచ్చింది, తర్వాత పేరు చదువు" అనేదాన్ని. అందరూ నవ్వేవారు. తను మాత్రం నేను సరిగ్గా పలికేదాకా కదిలేది కాదు.

కిందటి నెల పన్నెండో తేదీ మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ట్రేల కోసం వెనక గదికి వెళ్లాను. అప్పుడే అమ్మోనియా గ్యాస్ లీకైంది. కళ్లు, గొంతు మండిపోయాయి. ముందువైపు రావడానికి వీల్లేక వెనక తలుపు దగ్గరకు పరుగెత్తాను. బయట తాళం. మేము రొయ్యలు పట్టుకుపోతామని ఎప్పుడూ తాళమే. కొట్టాను. మళ్లీ కొట్టాను. తర్వాత నాకు తెలియదు.

బయట జరిగింది నా టేబుల్ దగ్గర పనిచేసే దుర్గాశ్రీ చెప్పగా విన్నాను. గ్యాస్‌కి అందరూ బయటికి పరుగెత్తాక సత్యవాణి గేటు దగ్గర పేర్లు పిలిచిందట. నా పేరుకు ఎవరూ పలకలేదట. సురేష్‌బాబు గారు "ఆవిడ ఇవాళ రాలేదు, మెషీన్‌లో లేదు" అన్నారట. "పొద్దున్న నాతో దెబ్బలాడి మరీ పలికిందండీ, లోపలే ఉంది" అని సత్యవాణి వెనక తలుపు వైపు పరుగెత్తి, ఇనప రాడ్డుతో తాళం పగలగొట్టి నన్ను బయటికి లాగిందట.

ఆస్తి పాడుచేసిందని కంపెనీ తన మీద కేసు పెట్టింది. నేను ఆ రోజు పనిలోనే లేనని కాగితం ఇచ్చింది. పనిలో లేకపోతే నా గొంతు ఇలా ఎందుకు పోయిందండీ? ఆ తాళం నా కోసం పగిలింది. నాకంటే పదేళ్లు చిన్నది, అయినా చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ తల్లి చల్లగా ఉండాలి. తనకు శిక్ష వేయకండయ్యా.

ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. వేలిముద్ర వేశాను. గీతలు పడలేదు, నల్లటి మచ్చ పడింది. అది నాదేనని రాసుకోండి అయ్యా. అనుమానముంటే పేరు పిలిచి చూడండి, పలుకుతాను.

ఓలేటి మరిడమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర