నంబరు తప్పొస్తాదని

"తాతా, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. మాట్లాడితే బీపీ నంబరు తప్పొస్తాది."

ఆ మాట నా దగ్గర అనొద్దమ్మా. ఆగు, ఆ పట్టీ పక్కన పెట్టు, చెప్తా. మీ అవ్వకు బీపీ వచ్చినప్పుడు ఈ మిషను మీ అమ్మే కదా కొనిచ్చె. ఊర్లో ఆశా వర్కరమ్మ వచ్చి నేర్పించిపాయ. టీ తాగినా, బీడీ తాగినా అరగంట ఆగల్ల. గోడకానుకోని, కాళ్లు నేలమింద పెట్టి కూర్చోవల్ల. చెయ్యి గుండెకాయ ఎత్తున ఉండల్ల, దానికి నేను గంప బోర్లేసి కంబళి మడిసి పెడ్తాంటి. రొండుసార్లు చూడల్ల, నడుమ ఒక నిమిషం ఆగల్ల. అంతసేపూ నోరు మెదపగూడదు.

అప్పుడు మా అన్నకూ నాకూ మాటల్లేవు. ఏడేండ్లు... కాదు కాదు, మీ మామ పెండ్లికి గూడా రాల్యా కదా, ఎనిమిది. ఏముండాది, నా చేని గెనెం గట్టు పక్కనే ఆయప్ప బోరు ఏపించినాడు, నా బోరు ఎండిపాయ. "నీవు నాకు అన్నవే కాదు పో" అన్యా. నలుగురి ముందర అన్యా. తిరిగి తిట్టింటే ఆపొద్దే తీరిపోతాండె. తుండుగుడ్డ దులుపుకోని ఇంటికి పాయనప్పా ఆయన.

ఆయనకు గూడా బీపీ అని తెలిసి, మీ అవ్వ పోయి "బావా, దినామూ పొద్దున్నే రా, చూస్తాము" అని పిల్చుకొచ్చె. నన్నడగనే ల్యా. అయితే మా ఇండ్లల్ల తమ్ముని పెండ్లాము బావను తాకదు. మరి పట్టీ ఎవరు కట్టల్ల? నేనే! గడుసుది మీ అవ్వ, కావాలనే చేసింది. ఆయప్ప చెయ్యి చాపేది, మోచేతికి రొండేళ్లు పైన నేను పట్టీ చుట్టేది, మీ అవ్వ దూరంనుంచి నంబరు చదివేది. మొగాలు చూసుకుంటే ఒట్టు. మాట్లాడగూడదు అన్నేది నాకొక సాకు దొరికె. ఆర్నెల్లు దినామూ అన్న చెయ్యి పట్టుకున్యా, ఒక్క మాట మాట్లాడల్యా.

చెనిక్కాయ పెరికే దినాలు. ఒక పొద్దున చూస్తే నంబరు శానా ఎక్కువొచ్చె. రొండోసారి చూడకముందు, ఆ నిమిషంలో, మా అన్న నా మొగం చూసి "ఒరే తమ్ముడా..." అన్యాడు. ఎనిమిదేండ్లకు! ఏమనల్లనో తెలీక "మాట్లాడొద్దు, నంబరు తప్పొస్తాది" అన్యా. చూడు, అన్ని ఏండ్లకు నేను ఆయనతో అన్న మాట అది. నోరు మూసుకున్యాడు. రొండోసారీ అంతే వచ్చె. "ఈపొద్దే ఆస్పత్రికి పో బావా" అనె మీ అవ్వ. "చెనిక్కాయ పెరికినాంక పోతాలే" అని లేచిపాయ. నా బండి వాకిట్లోనే ఉండె. ఎక్కన్నా అని ఒక్క మాట అనింటే ఎక్కుతాండె. అన్లేదు.

మధ్యాన్నం చేన్లోనే పడిపాయ. కుడి చెయ్యీ కాలూ పాయ. మాట పాయ.

ఏం చెప్పల్లనుకున్యాడో! బోరు సంగతో, తలకాయ నొస్తాందనో... ఇప్పటికీ అదే ఆలోచన నాకు.

మూన్నెల్లు బతికినాడు. దినామూ మిషను పట్టుకోని నేనే పోతాంటి. బాగుండే ఎడమ చేతికి పట్టీ కట్టి, గాలి బిగిసినంతసేపూ మాట్లాడేది. నీవే నా అన్నవు, ఇంగెవరుండారు నాకు, బోరు పోతే పోనీ అని ఏందేందో. "నంబరు తప్పొస్తాది కదా, ఊరకుండు" అని మీ అవ్వ తిట్టేది. తప్పొస్తే రానీ అంటాంటి. ఆయప్ప నన్నే చూస్తాండె, కండ్లల్లో నీళ్లు కారుతాండె. సరేలేరా అన్యాడో, ఇప్పుడా వచ్చేది అన్యాడో...

నీవూ మీ చెల్లెలూ పోట్లాడుకున్యా పలకరించుకుంటా సల్లంగుండండమ్మా. నూరేండ్లుండండి.

ఊ, కట్టు పట్టీ. కూర్చుంటాలే, మాట్లాడను.