తారీఖు వెనక్కి తిప్పిన హుసేనప్ప

గంజ్ మార్కెట్ పక్కన నింగవ్వ చాయ్ బండి కాడ హుసేనప్ప గొంతు సవరించుకున్నడంటే నలుగురు దగ్గరికి జరుగుతరు. ఇయ్యాల మిషన్ల బోర్డులు బాగుచేసే విరూపాక్ష మాత్రం జరగలే. స్క్రీన్ చూసిచూసి కండ్లు మండుతున్నయ్, ఇంకొకరి కోతలు వినే ఓపిక ఆయనకు లేదు.

సంగతేందంటే, గురునాథ్ సేఠ్ మిల్లుల బియ్యంలకెల్లి నల్ల గింజలు ఏరే మిషన్ బోర్డు కాలిపోయింది. ఆ బోర్డు చేసింది విరూపాక్షకు పని నేర్పిన ఉస్తాద్ హనుమంత. ఆయన పోయిండు, ఇగ అడగనీకె మనిషి లేడు. సర్క్యూట్ బొమ్మ కంప్యూటర్ల గీసిపెట్టిండు గాని, ఆ ఫైలును ఇప్పటి సాఫ్ట్‌వేర్లు గుర్తే పట్టవు. ఉస్తాద్ వాడిన పాత సాఫ్ట్‌వేర్ సీడీ దొరికింది. దాన్ని ఎక్కిస్తే గడువు అయిపోయిందని చెప్పి మూసుకుంటది. బొమ్మ కనబడకపోతే రేపు పొద్దుగాల ఆ మిషన్‌ను తుక్కు కింద అమ్మేస్తనన్నడు సేఠ్. ఉస్తాద్ చేతిపని మిగిలింది అదొక్కటే.

"గిట్లాంటిదే నేనొకటి తెరిచిన," అన్నడు హుసేనప్ప. స్టేషన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు ఆయనది. "గబ్బూరోళ్ల మోటరు స్టార్టర్ బొమ్మ, నీ దాని లెక్కనే గడువు అయిపోయిందన్నది."

అడగొద్దనుకుంటనే అడిగిండు విరూపాక్ష. "ఎట్ల తెరిచినవ్ కాకా?"

"ఏమున్నది, కంప్యూటర్ల తారీఖు వెనక్కి తిప్పిన. గడువు ఇంకా ఉన్నదని నమ్మి తెరుచుకున్నది. అంతటితోని ఊకుంటే నేను హుసేనప్పను ఎందుకైత? ఇంకింత తిప్పిన. షాపుల ఫ్యాను ఉన్నది చూడు, కిర్రుకిర్రుమంటది, అది చప్పుడు బందువెట్టి కొత్తదైపోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"కరెంటు పోయింటది," అన్నది నింగవ్వ చాయ్ వడగడుతా.

"నువ్వు సుమ్నె ఊకుండవ్వా. ఇంకా తిప్పిన. నా తల నల్లగైంది, పొట్ట లోపటికి పోయింది, ప్యాంటు జారిపోతుంటే ఒక చేత్తోని దాన్ని పట్టుకోని ఇంకో చేత్తోని మౌస్ తిప్పుతున్న. జిరాక్స్ మిషన్ మాయమై దాని జాగల మా నాయన కుట్టుమిషన్ వచ్చి కూసున్నది. బయటికి చూస్తే ఆటోలు లేవు, అన్నీ టాంగాలే. ఎండకాలం, మన రాయచూర్ల, చలికి దుప్పటి కప్పుకున్న, కసమ్. దూరంగ కృష్ణ వెనక్కి పారుతుంటే షాపు మెట్ల మీదికెల్లి కనబడుతుండె."

"బజార్లకెల్లి కృష్ణ ఎట్ల కనబడుతది అన్నా?" అన్నది నింగవ్వ.

"అప్పుడు నడుమ బిల్డింగులు లేవు గదనే! ఇంకా తిప్పిన. కోట కడుతున్నరు. మన కోట గోడల ఆ పొడుగు రాయి ఉన్నది చూడు, దాన్ని ఎక్కడ వెట్టాల్నో ఎరుక గాక రాజు మనుషులు పరేషాన్ అయ్యి నిలవడ్డరు. 'హుసేనప్పా, జర చెప్పు' అని నన్ను అడిగిరి. గోడల అడ్డం వెట్టుండ్రి అని నేనే చెప్పిన. ఇప్పటికీ అట్లనే ఉన్నది, కావాల్నంటే పోయి చూసుకోండ్రి."

అందరూ నవ్విండ్రు. విరూపాక్ష చాయ్ గ్లాసుల్నే చూస్తుండె. ఉస్తాద్ బాగ గుర్తుకొచ్చిండు. విరూపాక్ష తిప్పి అడిగిన మాటల ఎగతాళి లేదు.

"రాజుల కాలం దాంక పోయినవ్ గద కాకా. నడుమల మా ఉస్తాద్ బతికున్న ఏండ్లు గూడ దాటుకుంటనే పోయింటవ్. బోర్డు ఎట్ల బాగుచెయ్యాల్నో ఒక్క మాట ఆయన్నే అడిగి రాకపోతివా?"

నవ్వులు ఆగిపోయినయ్. హుసేనప్ప భుజం మీది తువ్వాలు తీసి మొకం తుడుచుకున్నడు.

"పోతే గద అడిగేది," అన్నడు మెల్లగ. "హనుమంత నాకూ దోస్తే. నిజంగ పోగలిగింటే, కోట దాంక ఎందుకు పోత? ఆయన కాడనే ఆగిపోదును."

తువ్వాలు మళ్ల భుజం మీద ఏసుకున్నడు.

"తారీఖు తిప్పింది మాత్రం నిజం," అన్నడు లేస్తా. "సీడీ పట్టుకరా. తిప్పి చూద్దం."

విరూపాక్షకు లేవబుద్ధి కాలే. అయినా సీడీ కోసం లేసిండు.