మధ్య బల్ల దగ్గర మా అక్క

కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డ పెద్దలారా, వానలో తడిసి వచ్చిన మిత్రులారా, ఈ ప్రెస్ట్‌విచ్ వీధుల్లోంచీ అవతల ఓల్డమ్ ఊరి నుంచీ బస్సులు మారి వచ్చిన తల్లులారా, పంతుళ్ళారా! మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. మా అక్క హెట్టీ బ్లాస్కీ పోయి ఇవాళ్టికి ముప్పయ్యో రోజు. నేను ఆమె తమ్ముణ్ణి, సెల్విన్‌ని. ఇరవై ఏళ్ళుగా ఆమె కారు నడిపినవాణ్ణి, ఆమె సంచీ మోసినవాణ్ణి, ఆమె చేత తిట్లు తిన్నవాణ్ణి. ఈ నెల రోజులుగా నన్ను తిట్టే మనిషి లేక ఇల్లు బావురుమంటోంది.

సభ మొదలయ్యే ముందు మన యూదుల మతగురువు రబ్బీ గారు నన్ను పక్కకి పిలిచారు. “సెల్విన్, ఇవాళ పగ మాటలొద్దు నాయనా, దుఃఖం మాటలు చాలు” అన్నారు. సరేనన్నాను. రబ్బీ గారూ, అబద్ధం చెప్పాను. ప్రార్థనా మందిరం హాల్లో అబద్ధమాడినందుకు మీరు ఏ శిక్ష వేసినా తర్వాత అనుభవిస్తాను. ముందు నన్ను మాట్లాడనివ్వండి. ఏడవాల్సినదంతా ఏడ్చేశాను. ఇప్పుడు నాకు కడుపు మండుతోంది.

ఎవరండీ మా అక్క? ఏం చేసేది? బళ్ళకి వెళ్ళేది. ఆఫీసులకీ, ఆసుపత్రులకీ, బస్సు డిపోలకీ వెళ్ళేది. యూదుల మీద ద్వేషం ఎలా మొదలవుతుందో చెప్పేది. మగవాణ్ణి ప్రేమించిన మగవాణ్ణీ, ఆడదాన్ని ప్రేమించిన ఆడదాన్నీ చూసి నవ్వే వెకిలి నవ్వు ఎంతదాకా పోతుందో చెప్పేది. “రాళ్ళు వేసేవాళ్ళ కోసం నేను రాలేదర్రా. రాళ్ళు పడుతుంటే పక్కకి జరిగి నిలబడతారు చూడండి, వాళ్ళ కోసం వచ్చాను” అనేది. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో నాకు దానితో పనుంది.

మొదట్లో ఆమె రసాయనశాస్త్రం పంతులమ్మ. అప్పట్లో ఈ దేశంలో బళ్ళో అలాంటి ప్రేమల ఊసెత్తడానికే పంతుళ్ళు వణికిపోయే చట్టం ఒకటుండేది. ఒకరోజు క్లాసులో ఒక పిల్ల లేచి, “మిస్, మీరు ఒక ఆవిడతో కాపురముంటున్నారటగా?” అని అడిగింది. అందరూ కిసుక్కుమన్నారు. అక్క చేతిలో ఉన్న గాజు గొట్టం కింద పెట్టి, “అవునమ్మా, ఆవిడ పేరు మొయిరా. ఇప్పుడు ఈ లెక్క చెయ్యండి” అంది. అంతే. ఆ ఏడాది చివర ఉద్యోగం ఊడింది. ఏ బళ్ళలోంచి పొమ్మన్నారో, ఆ బళ్ళలోకే అతిథిగా మళ్ళీ వెళ్ళింది మా అక్క. నాకు ఈ పగ అనేది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మొయిరా వదిన ముందు వరుసలోనే ఉంది. అవును, వదినే. ముప్పై ఏళ్ళు అక్కతో కాపురం చేసిన మనిషిని మా అమ్మ చనిపోయేదాకా ‘హెట్టీ స్నేహితురాలు’ అంటూనే ఉంది. నేను వదిన అంటాను. ఎవరికైనా అభ్యంతరమా? ఉంటే బయట వాన బాగా కురుస్తోంది, వెళ్ళి అందులో నిలబడండి.

అక్కని బయటివాళ్ళే బాధపెట్టారనుకుంటున్నారా? ఒక వేసవిలో, అక్కలాగా ప్రేమించేవాళ్ళంతా కలిసి చేసే ఇంద్రధనుస్సు జెండాల ఊరేగింపుకి పిలిచారు. పిలిచినవాళ్ళే, “మెడలో ఆ యూదుల నక్షత్రం గొలుసు తీసేసి వస్తే బాగుంటుంది, కొందరికి ఇబ్బందిగా ఉంటుంది” అన్నారు. అదే వారంలో మన యూదుల బడి పెద్దలు కూడా పిలిచారు. “నక్షత్రం ఉండనివ్వండి, బంగారంలా ఉండనివ్వండి, మీ మొయిరా సంగతి మాత్రం ఎత్తకండి” అన్నారు. ఒకరు నక్షత్రం తియ్యమన్నారు, ఇంకొకరు భార్యని తియ్యమన్నారు! రెండు చోట్లకీ మా అక్క ఆ గొలుసు వేసుకుని, వదిన చెయ్యి పట్టుకునే వెళ్ళింది. ఆ బడి పెద్దలు ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు. నమస్కారమండీ. మీ మీద కోపం కాస్త తగ్గింది, ఎందుకంటే ఆ మరుసటి ఏడాది ఇద్దర్నీ కలిపే పిలిచారు.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. అక్క పద్ధతి ఒకటుండేది. పొద్దున పాఠం చెప్పేది. పాఠమయ్యాక అందరూ టీ ఇచ్చి పంపించేద్దామని చూసేవాళ్ళు. ఆవిడ వెళ్ళేది కాదు. మధ్యాహ్నం దాకా ఉండి, అక్కడి క్యాంటీన్‌లో సరిగ్గా మధ్య బల్ల చూసుకుని ఒక్కతే కూర్చునేది. మన నియమం ప్రకారం బయటి తిండి ముట్టదు కదా, ఇంటినుంచి తెచ్చుకున్న కోడిగుడ్డు ఉల్లిపాయ శాండ్‌విచ్ విప్పుకునేది. ఎవరొచ్చి తన పక్కన కూర్చుంటారా అని చూసేది. “పాఠం పొద్దునే అయిపోయిందిరా, పరీక్ష ఇప్పుడు” అనేది నాతో. నేను దూరంగా తలుపు దగ్గర కూర్చోవాలి. దగ్గరికి వస్తే ఊరుకునేది కాదు.

ఓల్డమ్‌లో ఒక బళ్ళో చాలాసేపు ఎవ్వరూ రాలేదు. చివరికి ఒక పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడి, “మీలాంటివాళ్ళు నరకానికి పోతారని మా నాన్న చెప్పాడు, మీకు భయం లేదా?” అని అడిగింది. అక్క నవ్వలేదు, కోప్పడలేదు. “దారి చాలా దూరమట కదే. ఆకలేస్తుందని ఇది తెచ్చుకున్నా. సగం తింటావా?” అంది. పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. సగం తింది. ఆ పిల్ల పేరు రుఖియా. ఇప్పుడు అదే బళ్ళో పంతులమ్మ. అదిగో, తలుపు దగ్గర కళ్ళు తుడుచుకుంటోంది. ఏడవకమ్మా, నీకు ఇంకా పనుంది.

ఇక గత వసంతం. ఇక్కడికి దగ్గర్లోని ఒక పార్శిళ్ళ కంపెనీలో లెస్లీ అనే మనవాడు ప్యాకింగ్‌లో పని చేస్తాడు. యూదుడు, ఇంకొక మగవాడితో కాపురముంటున్నాడు. అతను నడిచి వెళ్తుంటే వెనకనుంచి బుస కొట్టేవాళ్ళు. ‘స్స్స్స్’ అని. ఆ చప్పుడేమిటో ఇక్కడున్న మావాళ్ళకి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళు వినండి. మా పెద్దల్ని గదుల్లో నింపి, తలుపులు వేసి, విషవాయువు వదిలారు చూడండి, అదీ ఆ చప్పుడు. లెస్లీ ఫిర్యాదు చేస్తే, మేనేజరు హేగ్ గారు “సరదాకి అంటారయ్యా, పట్టించుకోకు” అన్నారు. లెస్లీ మా అక్కకి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్ళు పేరు చెడుతుందని భయపడి అక్కని పిలిచారు. పిలిచిన రోజే లెస్లీని వేరే గోడౌనుకి పంపించేశారు.

పాఠం మొదలైంది. సగంలోనే చాలించమన్నారు, లారీలు ఆలస్యమవుతున్నాయట. మధ్యాహ్నం అక్క మధ్య బల్ల దగ్గర కూర్చుంది. శాండ్‌విచ్ విప్పింది. వెనకనుంచి మొదలైంది, ‘స్స్స్స్’ అని. ఒకడు కాదు, ఇద్దరు ముగ్గురు కలిపారు. హాలు నిండా జనం. నేను లేవబోయాను, అక్క కళ్ళతోనే కూర్చోమంది. ఒక్కరు నోరు మెదిపారా? ఒక్క కుర్చీ కదిలిందా? హేగ్ గారు అక్కడే ఉన్నారు, తలొంచుకుని బంగాళాదుంపలు తింటున్నారు. మా అక్క తొందరపడలేదు. ఆఖరి ముక్కదాకా తింది. బల్ల మీద పడ్డ పొడి చేత్తో దులిపి, కాయితంలో చుట్టుకుని, అందరి మధ్యలోంచి నడిచి వచ్చింది.

కార్లో కూర్చున్నాక ఏమందో తెలుసా? “బుస కొట్టినవాడి సంగతి వదిలెయ్యిరా సెల్విన్. వాడికి కనీసం నేను కనబడ్డాను. మిగతావాళ్ళకి నేను కనబడనే లేదు” అంది.

అంతటితో ఆగిందా? హేగ్ గారు ఫోన్లు చేశారు. చుట్టుపక్కల బళ్ళకీ, కంపెనీలకీ. “ఆవిడ వస్తే గొడవలు రేగుతాయి, మా దగ్గర రేగాయి” అని. ఒక్కొక్కరే మానేశారు. ఈసారి కుదరదన్నారు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. అక్క రోజూ పొద్దునే తయారై, కోటు వేసుకుని ఫోను పక్కన కూర్చునేది, ఎవరైనా పిలిస్తే వెంటనే బయల్దేరటానికి. “కోటు తీసెయ్యవే, ఉక్కపోస్తుంది” అని వదిన బతిమాలేది. వినేది కాదు. సెప్టెంబరులో ఒక పొద్దున, ఒంటిమీద ఆ కోటుతోనే, కూర్చున్న కుర్చీలోనే ప్రాణం వదిలింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఎవరు ఆపారో నాకు తెలుసు.

అమ్మలారా, అయ్యలారా! ఆ హేగ్ గారు ఇవాళ ఈ సభకి వచ్చారు. రెండో వరుసలో, తన కంపెనీవాళ్ళతో సహా. తిరిగి చూడండి, ఫరవాలేదు, సిగ్గుపడే మనిషైతే వచ్చేవారు కాదు. లిల్లీ పూలతో ఇంత పెద్ద దండ తెచ్చారు. మన చావింటికి పూలు తేరని, తినడానికేమైనా తెస్తారని మా అక్క ప్రతి పాఠంలోనూ మొట్టమొదట చెప్పేది. మొదటి మాటే వినలేదన్నమాట! ఆ దండ బయట చెత్తడబ్బా పక్కన ఉంది. వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా తీసుకెళ్ళండి హేగ్ గారూ.

ఇందాక వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏమన్నారో చెప్పనా? క్యాంటీన్ పక్కన కొత్త గది కడుతున్నారట. దానికి ‘హెట్టీ బ్లాస్కీ సామరస్య మందిరం’ అని పేరు పెడతారట. ఈ వేదిక మీంచి నేనే ప్రకటిస్తే నిండుగా ఉంటుందట. మొయిరా వదిన ఒప్పుకుంటే చాలట. వదిన నాతో, “నువ్వే చెప్పు సెల్విన్, నాకు ఏడుపొస్తుంది, ఏడిస్తే ఒప్పుకున్నాననుకుంటారు” అంది.

చెబుతున్నాను. ఇవ్వం. ఆ పేరు ఇవ్వం. మనిషిని కూర్చోనివ్వని చోట పేరుకి గోడ మీద చోటిస్తారా? ఆ పేరు పలక చూపించి లెస్లీ నోరు మూయిస్తారా? అక్క బతికుంటే మిమ్మల్ని క్షమించి ఉండేదేమో. ఎన్నోసార్లు ఎంతోమందిని క్షమించింది, నా కళ్ళారా చూశాను. కానీ అక్క లేదు. మిగిలింది నేను. నేను క్షమించను.

ఇంకా వినండి. మీరు ఫోన్లు చేసిన ప్రతి చోటుకీ నేనూ ఫోన్ చేశాను. మీరేమన్నారో వాళ్ళు నాకు చెప్పారు, రేపు బోనెక్కి చెప్పడానికీ సిద్ధమన్నారు. మీ రెండో వరుసకి వెనక, సరిగ్గా మీ వీపు వెనకే లెస్లీ కూర్చున్నాడు. అతను మీ కంపెనీ మీద కేసు వేశాడు, వచ్చే నెల విచారణ. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉన్న మనుషుల్ని పిలిపించి అడుగుతారు: విన్నావా? విని ఏం చేశావు? మిమ్మల్నీ అడుగుతారు. అప్పుడు తలొంచుకోవటానికి మీ ముందు బంగాళాదుంపలు ఉండవు. ఇక రుఖియాకి చెప్పిన పని ఏమిటంటారా? అక్కని పిలవడం మానేసిన ప్రతి బడికీ వచ్చే సోమవారం నుంచి ఆ అమ్మాయి వెళ్తుంది. కారు నేనే నడుపుతాను. శాండ్‌విచ్‌లు వదిన చేస్తుంది.

మావాళ్ళలో చావింటికి వచ్చినవాళ్ళు ఒక మాట అంటారు, ‘నీకు నిండు నూరేళ్ళ ఆయుష్షు కోరుతున్నాను’ అని. ఈ నెల రోజుల్లో నాతో అందరూ అన్నారు. ఇవాళ ఆ మాట నేను హేగ్ గారితో అంటున్నాను. మనస్ఫూర్తిగా అంటున్నాను. మీరు చాలాకాలం బతకాలి. కళ్ళూ చెవులూ బాగా పనిచేస్తుండగా బతకాలి. మీ మనవలు బడి నుంచి ఇంటికొచ్చి, మా అక్క గురించి చదివామని చెప్పి, ఆ రోజు నువ్వెక్కడున్నావు తాతా అని అడగాలి. అది చూడకుండా మీకు చావు రాకూడదు.

రబ్బీ గారూ, అయిపోయింది. ఇంక పగ మాటలు లేవు.

అందరూ లేవండి. ముసలివాళ్ళు కుర్చీ పట్టుకుని లేవండి. మా అక్క కోసం మౌనంగా నిలబడదాం. ఎంతసేపో నేను చెప్పను. ఆమె ఆ శాండ్‌విచ్ ఆఖరి ముక్కదాకా తినడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపు. కాళ్ళు నొప్పి పుడతాయి, ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. ఆమెకీ అలాగే కొట్టుకుంది.

రెండో వరుసలోని పెద్దమనుషులారా, మీరూ లేవండి. ఎలా నిలబడాలో మీకు నేర్పక్కర్లేదు. నోరు మూసుకుని ఉండటం మీకు అలవాటే.