ఎవరికి కవర్?

పసిపిల్లల వార్డు గుమ్మం పక్కన, చేతులు కడుక్కునే సింకు దగ్గర, ల్యాబు డాక్టరమ్మ వార్డు పెద్ద డాక్టరుకు అడ్డం నిలబడింది.

"మూడో బెడ్డు పాప రక్తంలో పెరిగిన క్రిమి మీద పది మందులు వేసి చూశాను సార్. తొమ్మిదింటికి చావలేదు."

"అయితే పదోది ఎక్కిద్దాం."

"అది కిడ్నీలు తినేసే మందు. పాప బరువు కిలోన్నర."

"ఏం చేస్తాం మేడమ్? పుట్టుకతోనే తెచ్చుకుందని వాళ్ళమ్మకి చెప్పేశాను."

"తెచ్చుకోలేదు, మనమే ఇచ్చాం. రెండో బెడ్డు బాబు రక్తంలో ఏ క్రిమీ లేదని రెండో రోజే రిపోర్టు పంపానా? అయినా పెద్ద మందు పది రోజులు ఎందుకు ఎక్కించారు?"

"కవర్ కోసం. ఏదైనా క్రిమి దాక్కుని ఉంటుందేమోనని ముందుజాగ్రత్తగా."

"జబ్బే లేనివాడికి కవరేంటి సార్? ఆ కవర్ ఎవరికి?"

"రేపేదైనా అయితే వాళ్ళ నాన్న పట్టుకునేది నా కాలరు, మీది కాదు."

"అదీ, ఇప్పుడు నిజం చెప్పారు! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసేవాళ్ళని చూశాను గానీ, పిచ్చుకే లేని కొమ్మ మీద వేసినవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా. ఆ బాబు పేగుల్లో, ఒంటి మీద ఉండే మామూలు క్రిములన్నీ చచ్చాయి. ఆ మందుకు చావనిది మిగిలి, మన చేతుల మీదుగా పక్క బెడ్డుకి పాకింది."

"సరే, జరిగిందేదో జరిగిపోయింది. ఇక మన చేతుల్లో ఏముంది?"

ఆయన వార్డు తలుపు తోయబోయాడు.

"చేతులు దులుపుకోవడం మీకు బాగానే వచ్చు సార్. లోపలికెళ్ళే ముందు కాస్త కడుక్కోండి."